ఆప్ట్, డీపీకేజీ మొరాయించినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు ఏ కంప్యూటర్లకు వర్తిస్తాయి?

ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్, సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ నడుస్తున్న కంప్యూటర్లకు వర్తిస్తాయి. పైకి వేరువేరుగా కనిపించినా వీటన్నిటి అడుగున సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించి, తొలగించే యంత్రాంగం ఒక్కటే: ఆప్ట్, డీపీకేజీ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని బడుల కంప్యూటర్ గదుల నుంచి, నెట్ సెంటర్ల నుంచి, ఇంజనీరింగ్ విద్యార్థుల నుంచి మళ్లీమళ్లీ వచ్చే ప్రశ్నలనే ఇక్కడ చేర్చాను. ఫెడోరా కుటుంబంలో పద్ధతి వేరు కనుక దాని జోలికి వెళ్లలేదు. కమాండ్లను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో (కమాండ్లు ఇచ్చే తెర) వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే టైప్ చేయాలి.

ఆప్ట్, డీపీకేజీ రెండూ ఒకటేనా? ఏది పాడైందో ఎలా తెలుస్తుంది?

ఒకటి కావు. డీపీకేజీ పాతది, 1994లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టినది. మీ చేతిలో ఉన్న డెబ్ ఫైలును (ఒక సాఫ్ట్‌వేర్‌ను మూటగట్టిన ఫైలు, అంటే ప్యాకేజీ) విప్పడం, అందులోని ఫైళ్లను వాటి వాటి చోట్ల పెట్టడం, ఆ సంగతిని నమోదు చేసుకోవడం దాని పని. ఆప్ట్ 1999లో విడుదలైన డెబియన్ 2.1తో వాడుకలోకి వచ్చింది. ఒక ప్యాకేజీకి ఇంకే ప్యాకేజీలు కావాలో లెక్కగట్టి, వాటిని రిపాజిటరీ (ప్యాకేజీలు నిల్వ ఉండే సర్వర్) నుంచి దించుకొని, ఏది ముందో ఏది వెనకో తేల్చి డీపీకేజీకి అప్పగించడం దీని పని. కాబట్టి దించుకోవడంలో, సంతకం సరిచూడడంలో, డిపెండెన్సీల (ఒక ప్యాకేజీకి అవసరమైన ఇతర ప్యాకేజీల) లెక్కలో వచ్చే తప్పులు ఆప్ట్‌వి. విప్పడంలో, కాన్ఫిగర్ చేయడంలో వచ్చే తప్పులు డీపీకేజీవి.

ఇంకొక్క విషయం తెలిస్తే మిగిలిన సమాధానాలు సులువుగా అర్థమవుతాయి. ఏ ప్యాకేజీ అయినా రెండు దశల్లో ఎక్కుతుంది: మొదట ఫైళ్లు డిస్కు మీదికి వస్తాయి, తరువాత ఆ ప్యాకేజీ తనతో తెచ్చుకున్న చిన్న స్క్రిప్టు నడిచి సర్వీసులు మొదలుపెట్టడం, యూజర్లను సృష్టించడం వంటి పనులు పూర్తిచేస్తుంది. ఏ ప్యాకేజీ ఏ దశలో ఉందో ‘/వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్’ అనే మామూలు టెక్స్ట్ ఫైలులో రాసి ఉంటుంది. భూమి మీద ఉన్నది ఒకటి, అడంగల్‌లో రాసి ఉన్నది ఇంకొకటి అయినప్పుడు ఎలాంటి చిక్కులు వస్తాయో, డిస్కు మీదున్న ఫైళ్లకూ ఈ స్టేటస్ ఫైలుకూ పొంతన తప్పినప్పుడు అలాంటి చిక్కులే వస్తాయి. ప్యాకేజీ మేనేజర్ పాడైందని మనం చెప్పుకునే సందర్భాల్లో చాలావరకు ప్రోగ్రాముకు ఏమీ కాదు. పని నడుమన ఆగిపోయిందని ఈ ఫైలులో నమోదై ఉంటుంది, అంతే. అందుకే ఏదైనా తొలగించడానికి ముందు, ఆగిపోయిన పనిని పూర్తి చేయనివ్వడమే సరైన వరస.

అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోయింది. ఇప్పుడు ‘డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్’ అని వస్తోంది. ఏం చేయాలి?

ఆ సందేశమే మందు కూడా చెబుతుంది. ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ’ అని ఇవ్వండి (‘సుడో’ అంటే అడ్మిన్ అధికారంతో నడపమని). విప్పి ఉండి కాన్ఫిగర్ కాకుండా మిగిలిన ప్యాకేజీలన్నిటినీ అది వరసగా పూర్తిచేస్తుంది. తరువాత ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ ఇవ్వండి; సగం దిగిన డిపెండెన్సీలు ఏమైనా ఉంటే అది తెచ్చి పెడుతుంది. చివర ‘సుడో డీపీకేజీ --ఆడిట్’ ఇచ్చినప్పుడు ఏమీ ముద్రించకుండా ప్రాంప్ట్ తిరిగి వస్తే పని అయిపోయినట్టే.

కరెంటు పోయిన సందర్భంలో అదనంగా రెండు రకాల దెబ్బలు కనిపిస్తాయి. డీపీకేజీ తన మార్పులను నేరుగా స్టేటస్ ఫైలులో రాయదు. ముందు ‘/వార్/లిబ్/డీపీకేజీ/అప్‌డేట్స్’ అనే డైరెక్టరీలో అంకెల పేర్లున్న చిన్న ఫైళ్లుగా రాసి, ఆ తరువాత కలుపుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే ఆ చిన్న ఫైళ్లలో ఒకటి ఖాళీగానో, చెత్త అక్షరాలతోనో మిగిలిపోయి, దాన్ని చదవలేకపోతున్నానని డీపీకేజీ ఆగిపోతుంది. అప్పుడు తప్పు సందేశంలో పేరు వచ్చిన ఆ అంకెల ఫైలును మీ హోమ్ డైరెక్టరీలోకి తరలించి, పై కమాండ్లను మళ్లీ ఇవ్వాలి. రెండవది, ‘/వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో’ డైరెక్టరీలో ఏదో ఒక ప్యాకేజీ తాలూకు ‘.లిస్ట్’ ఫైలు చివరి పంక్తి తెగిపోవడం. సందేశంలో ‘మిస్సింగ్ ఫైనల్ న్యూలైన్’ అనే మాటలు వస్తాయి. ఆ ఫైలును కూడా పక్కకు తరలించి, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్’ తరువాత ఆ ప్యాకేజీ పేరు ఇస్తే కొత్త జాబితా తయారవుతుంది. రెండు సందర్భాల్లోనూ తరలించమంటున్నాను గాని చెరిపేయమనడం లేదు. పని మొత్తం పూర్తయ్యాక చెరిపేయడానికి కావలసినంత తీరిక ఉంటుంది.

‘కుడ్ నాట్ గెట్ లాక్’ అని వస్తే లాక్ ఫైలును తీసేయమని అందరూ చెబుతున్నారు. తీసేయవచ్చా?

తీసేయకూడదు. ఇంత విరివిగా ప్రచారంలో ఉన్న తప్పుడు సలహా ఈ విషయంలో మరొకటి లేదు.

‘/వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్’ అనే ఫైలు అక్కడ ఉన్నంత మాత్రాన తాళం పడినట్టు కాదు. అది ఎప్పుడూ అక్కడ ఉంటుంది, ఖాళీగానే ఉంటుంది. నడుస్తున్న ఒక ప్రాసెస్ (ప్రోగ్రాము) ఆ ఫైలు మీద కెర్నెల్ (లినక్స్ మూలభాగం) దగ్గర పట్టు తీసుకుంటుంది. ఆ ప్రాసెస్ ముగిసినా, చచ్చిపోయినా కెర్నెల్ ఆ పట్టును తనంతట తానే విడిపిస్తుంది. కాబట్టి తాళం పడి ఉందని ఆప్ట్ చెబుతోందంటే, పట్టుకున్నవాడు ఎవడో ఇప్పుడు బతికే ఉన్నాడని అర్థం. మీరు ఫైలును చెరిపేస్తే వాడి పట్టు పాత ఫైలు మీద అలాగే ఉంటుంది. మీ ఆప్ట్ అదే పేరుతో కొత్త ఫైలు సృష్టించుకొని దాని మీద తన పట్టు తీసుకుంటుంది. ఇక ఇద్దరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే స్టేటస్ ఫైలును దిద్దడం మొదలుపెడతారు. అంతకుముందు పది నిమిషాలు ఆగితే పోయే ఇబ్బంది, ఆ తరువాత డేటాబేసును పాత నకలు నుంచి తెచ్చుకోవలసిన స్థితికి చేరుతుంది.

ఆ పట్టుకున్నవాడు ఎవడో కొత్త ఆప్ట్ సందేశంలోనే ప్రాసెస్ సంఖ్యతో సహా చెబుతుంది. పాత వాటిలో ‘సుడో ఎల్ఎస్ఓఎఫ్’ తరువాత లాక్ ఫైలు దారి ఇస్తే తెలుస్తుంది. ఎక్కువసార్లు అది ‘అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్’, అంటే తనంతట తానే అప్‌డేట్లు ఎక్కించే ప్రోగ్రాము, అయి ఉంటుంది. ఉబుంటులో ఈ పని ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య జరిగేలా ఏర్పాటై ఉంటుంది, ఆ వేళకు కంప్యూటర్ ఆపి ఉంటే ఆన్ చేసిన కొద్దిసేపటికే మొదలవుతుంది. బడిలో పదింటికి కంప్యూటర్లన్నీ ఒకేసారి ఆన్ చేయగానే అన్నిటిలోనూ లాక్ సందేశం రావడానికి కారణం ఇదే. దాన్ని పూర్తి కానివ్వండి. నిజంగానే గంటల తరబడి కదలకుండా ఉంటే, ‘పీఎస్’ కమాండుతో అది ఏ దశలో ఉందో చూసి, ఆ ప్రాసెస్‌ను మామూలు ‘కిల్’తో ఆపి, వెంటనే పై ప్రశ్నలో చెప్పిన కాన్ఫిగర్ కమాండ్ ఇవ్వండి. ‘కిల్ -9’ను ఆఖరి మాటగా ఉంచుకోండి.

‘--కాన్ఫిగర్ -ఎ’ ఎన్నిసార్లు ఇచ్చినా ఒకే ప్యాకేజీ దగ్గర ఆగిపోతోంది. ఎందుకు?

ఆ ప్యాకేజీ స్క్రిప్టు ఏదో పనిచేయబోయి విఫలమవుతోంది కనుక. ‘పోస్ట్-ఇన్‌స్టలేషన్ స్క్రిప్ట్ రిటర్న్‌డ్ ఎర్రర్ ఎగ్జిట్ స్టేటస్ 1’ అన్న పంక్తి ఫలితాన్ని మాత్రమే చెబుతుంది. కారణం దానికి పైనున్న పంక్తుల్లో గాని, ఆ సర్వీసు లాగ్‌లో గాని ఉంటుంది. చాలామంది చివరి రెండు పంక్తులు ఫోటో తీసి పంపుతారు. కావలసింది మాత్రం ‘ఎర్రర్’ అనే మాట మొట్టమొదట కనిపించిన చోటు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. డిగ్రీ ప్రాజెక్టు కోసం మైఎస్‌క్యూఎల్ (డేటాబేసు సర్వర్) పెట్టుకున్న ల్యాప్‌టాప్‌ను ఉబుంటు 18.04 నుంచి 20.04కు పెంచారు. దానితో మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి 8.0కు మారింది. ‘మైఎస్‌క్యూఎల్-సర్వర్-8.0’ కాన్ఫిగర్ కావడం లేదు. దాని వెనకే ‘మైఎస్‌క్యూఎల్-సర్వర్’ అనే మరో ప్యాకేజీ ‘డిపెండెన్సీ ప్రాబ్లమ్స్ - లీవింగ్ అన్‌కాన్ఫిగర్డ్’ అంటోంది. రెండు తప్పులు కనిపిస్తున్నా ఉన్నది ఒక్కటే. రెండవది మొదటిదాని నీడ. స్క్రిప్టు సర్వర్‌ను మొదలుపెట్టబోతే సర్వర్ లేవడం లేదు. ‘/వార్/లాగ్/మైఎస్‌క్యూఎల్/ఎర్రర్.లాగ్’ తెరిస్తే చివర్లో ‘అన్‌నోన్ వేరియబుల్’ అని, పక్కన ‘క్వెరీ_క్యాష్_సైజ్’ అని ఉంటుంది. క్వెరీ క్యాష్‌ను 8.0లో పూర్తిగా తీసేశారు, కాని పాత కాన్ఫిగరేషన్ ఫైలులో ఆ పంక్తి మిగిలిపోయింది. ‘/ఈటీసీ/మైఎస్‌క్యూఎల్’ కింద ఆ పంక్తి ముందు ఒక హాష్ గుర్తు పెట్టి, మళ్లీ ‘--కాన్ఫిగర్ -ఎ’ ఇస్తే రెండు ప్యాకేజీలూ ఒక్కసారే సర్దుకుంటాయి.

ఇదే స్థితిలో ‘పర్జ్’ చేసి (కాన్ఫిగరేషన్ ఫైళ్లతో సహా తొలగించి) మళ్లీ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. పర్జ్ చేసేటప్పుడు డేటాబేసులను కూడా తొలగించమంటారా అని తెర ఒకటి అడుగుతుంది; కంగారులో అవునని నొక్కితే ప్రాజెక్టు అంతా పోతుంది.

లాగ్‌లో ఏమీ దొరకకపోతే ఆ స్క్రిప్టునే నేరుగా నడిపి చూడవచ్చు. అది ‘/వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో’లో ప్యాకేజీ పేరుతో, ‘.పోస్ట్‌ఇన్‌స్ట్’ అనే తోకతో ఉంటుంది. ‘సుడో ఎస్‌హెచ్ -ఎక్స్’ తరువాత దాని దారి, ఆ తరువాత ‘కాన్ఫిగర్’ అని ఇస్తే ప్రతి అడుగూ తెర మీద కనిపిస్తుంది. ఏ అడుగు దగ్గర జారిందో మీకే తెలుస్తుంది. స్క్రిప్టు మొదటి పంక్తిలో బాష్ అనో పెర్ల్ అనో ఉంటే దాన్నే వాడాలి. కొందరు ఆ స్క్రిప్టు మధ్యలో ‘ఎగ్జిట్ 0’ అని రాసి తప్పించుకుంటారు. తొలగించదలచుకున్న ప్యాకేజీ అయితే అది పర్వాలేదు గాని, ఉంచుకోదలచిన ప్యాకేజీకి అలా చేస్తే అది పైకి బాగున్నట్టు నమోదై లోపల అసంపూర్తిగా మిగులుతుంది.

‘--ఫిక్స్-బ్రోకెన్’ ఇస్తే డెస్క్‌టాప్ మొత్తాన్ని తొలగిస్తానంటోంది. ‘వై’ నొక్కాలా?

నొక్కవద్దు. ఆప్ట్ దృష్టిలో డిపెండెన్సీల లెక్క సరిపోవడమే పరిష్కారం; అందుకోసం మీకు కావలసినవి పోతున్నాయా లేదా అన్నది చూసుకోవలసింది మీరే. ‘ది ఫాలోయింగ్ ప్యాకేజెస్ విల్ బి రిమూవ్డ్’ కింద వచ్చే జాబితాను పూర్తిగా చదవండి. మొదటిసారే ‘-ఎస్’ అనే ఆప్షన్ చేర్చి ఇస్తే ఏమీ మార్చకుండా ఏం చేయబోతోందో మాత్రం చెబుతుంది. అంత పెద్ద తొలగింపు ప్రతిపాదించిందంటే, ఎక్కడో ఒక ప్యాకేజీ పరాయి రిపాజిటరీ నుంచి వచ్చి కూర్చుందని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు. కింది సమాధానం దాని గురించే.

‘యూ హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ అంటోంది. నేను దేన్నీ హోల్డ్ చేయలేదు కదా?

చేసి ఉండకపోవచ్చు (హోల్డ్ అంటే ఒక ప్యాకేజీని మారకుండా ఆపి ఉంచడం). ఆ సందేశం పదాలు మనల్ని పక్కదారి పట్టిస్తాయి. అడిగిన ప్యాకేజీకి, ఇప్పుడున్న వాటికి పొత్తు కుదరలేదని మాత్రమే దాని భావం. అయినా ముందు ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ ఇచ్చి చూడండి. అందులో ఏదైనా ఉంటే, ఎవరు ఎందుకు పెట్టారో విచారించి ‘అన్‌హోల్డ్’ చేయవచ్చు.

ఏమీ లేకపోతే ‘ఆప్ట్ పాలసీ’ తరువాత గొడవ పెడుతున్న ప్యాకేజీ పేరు ఇవ్వండి. ఇప్పుడున్న వెర్షన్ ఏది, ఎక్కించదలచినది ఏది, ఏ వెర్షన్ ఏ రిపాజిటరీలో ఉంది అనేవి ఒక్క తెరలో కనిపిస్తాయి. ఇప్పుడున్న వెర్షన్ ఏ రిపాజిటరీలోనూ లేకపోతే దొంగ దొరికినట్టే. ఉబుంటులో డెబియన్ రిపాజిటరీ పంక్తి చేర్చడం, ఎప్పుడో చేర్చిన పీపీఏ (ఇతరులు నడిపే అదనపు రిపాజిటరీ) కొత్త లైబ్రరీని తెచ్చిపెట్టడం, వేరే విడుదలకు ఉద్దేశించిన డెబ్ ఫైలును స్నేహితుడి పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించడం, ఈ మూడే ఎక్కువగా చూస్తాం. పీపీఏ అయితే ‘పీపీఏ-పర్జ్’ అనే పనిముట్టు దాన్ని తీసేసి, ప్యాకేజీలను ఉబుంటు వెర్షన్లకు తిరిగి దించుతుంది. మిగిలిన వాటికి, ఆ పరాయి పంక్తిని తొలగించి ‘ఆప్ట్ అప్‌డేట్’ చేసి, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ తరువాత ప్యాకేజీ పేరు, సమాన గుర్తు, సరైన వెర్షన్ ఇచ్చి వెనక్కి దించాలి. ఇలాంటి ముడులు విప్పడంలో ఆప్ట్ కన్నా ‘ఆప్టిట్యూడ్’ ఓపికగలది. మొదటి పరిష్కారం వద్దంటే రెండవది, మూడవది చూపిస్తుంది.

‘ట్రయింగ్ టు ఓవర్‌రైట్’ అని ఒక ఫైలు పేరు చూపించి ఆగిపోయింది.

ఒకే ఫైలు తమదేనని రెండు ప్యాకేజీలు అంటున్నాయి. పాత ప్యాకేజీ మీకు అక్కర్లేదంటే దాన్ని తొలగించడమే శుభ్రమైన పద్ధతి. రెండూ కావాలంటే, ఆ ఒక్క డెబ్ ఫైలుకు మాత్రం ‘సుడో డీపీకేజీ -ఐ --ఫోర్స్-ఓవర్‌రైట్’ వాడవచ్చు. ‘--ఫోర్స్-ఆల్’ మాత్రం ఎప్పుడూ వాడవద్దు.

డిస్కులో చోటు లేదంటోంది, కాని హోమ్‌లో చాలా ఖాళీ ఉంది. ఎలా?

‘డీఎఫ్ -హెచ్’ ఇచ్చి ఏ భాగం నిండిందో చూడండి. రూట్ (‘/’ భాగం) నిండితే ‘సుడో ఆప్ట్ క్లీన్’ ఇదివరకు దించుకున్న డెబ్ ఫైళ్లను చెరిపేస్తుంది, ‘సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=100ఎం’ (ఇక్కడ ఎం మాత్రం పెద్ద అక్షరం) పాత లాగ్‌లను కుదిస్తుంది. చాలావరకు ఈ రెండూ చాలు. చోటు ఉన్నా లేదంటుంటే ‘డీఎఫ్ -ఐ’ ఇచ్చి ఐనోడ్లు (ఫైళ్ల నమోదుకు ఉండే స్థానాలు) అయిపోయాయేమో చూడాలి.

నిండింది ‘/బూట్’ అయితే వ్యవహారం కాస్త నాజూకు. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి ఉబుంటు పెట్టుకున్నవాళ్లకు అది విడి భాగంగా ఉంటుంది. పాత కంప్యూటర్లలో కొన్ని వందల మెగాబైట్లకు మించదు. కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఒక కొత్త కెర్నెల్, దానితోపాటు బూట్ అయ్యేటప్పుడు కావలసిన బరువైన ఇనిట్‌ఆర్‌డీ ఫైలు అక్కడ చేరతాయి. నిండాక కొత్త కెర్నెల్ సగంలో ఆగుతుంది, ఆగింది కనుక పాతవాటిని తొలగించడానికి ఆప్ట్ ఒప్పుకోదు. ఈ చిక్కును డీపీకేజీతో విడదీయాలి. ‘యూనేమ్ -ఆర్’ ఇచ్చి ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏదో కాగితం మీద రాసుకోండి. ‘డీపీకేజీ -ఎల్’లో ‘లినక్స్-ఇమేజ్’తో మొదలయ్యేవి చూసి, నడుస్తున్నది కాకుండా అన్నిటికన్నా పాతదాన్ని ‘సుడో డీపీకేజీ --పర్జ్’తో తొలగించండి. డిపెండెన్సీల పేరు చెప్పి అదీ మొరాయిస్తే, ఆ పాత కెర్నెల్ తాలూకు ఇనిట్‌ఆర్‌డీ ఫైలును తాత్కాలికంగా హోమ్‌లోకి తరలించి చోటు చేయండి. ఆ తరువాత ‘--ఫిక్స్-బ్రోకెన్’, చివర ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్’. నడుస్తున్న కెర్నెల్‌ను పొరపాటున కూడా ముట్టుకోకూడదు.

హాస్టల్ వైఫైలో ‘ఆప్ట్ అప్‌డేట్’ ఇస్తే ‘క్లియర్‌సైన్డ్ ఫైల్ ఈజ్ నాట్ వాలిడ్, గాట్ నోస్ప్లిట్’ అని వస్తోంది. రిపాజిటరీ పాడైందా?

రిపాజిటరీకి ఏమీ కాలేదు. లాగిన్ పేజీ ఉండే వైఫైలలో, మీరు లాగిన్ కాకముందు ఏ ఫైలు అడిగినా ఆ లాగిన్ పేజీనే తిరిగి పంపుతారు. ఆప్ట్ సంతకం ఉన్న సూచికను అడిగితే దాని చేతికి వెబ్ పేజీ వచ్చింది. బ్రౌజర్ తెరిచి లాగిన్ అయి మళ్లీ ప్రయత్నించండి.

‘హాష్ సమ్ మిస్‌మ్యాచ్’ దీనికి దాయాది. నడుమనున్న ప్రాక్సీ పాత సూచికను దాచి ఉంచి ఇవ్వడం గాని, మిర్రర్ సర్వర్ తన నకలును తాజా చేసుకుంటున్న సమయంలోనే మనం అడగడం గాని కారణం. కాసేపు ఆగితే రెండవది దానంతట అదే పోతుంది. పోకపోతే ‘/వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్’లో ఉన్నవాటిని చెరిపి మళ్లీ అప్‌డేట్ చేయండి. చెరిపినా నష్టం లేని చోటు ఇది. అందులో ఉన్నదంతా మళ్లీ దించుకోగలిగినదే. అప్పటికీ కుదరకపోతే భారత మిర్రర్ బదులు ప్రధాన సర్వర్‌ను ఎంచుకోవడం గాని, ఫోను హాట్‌స్పాట్ మీద ఒకసారి చేసి చూడడం గాని దోషం ఎక్కడుందో తేల్చేస్తుంది.

‘రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వాలిడ్ యెట్’ అంటే?

మీ కంప్యూటర్ గడియారం వెనకబడి ఉందని. రిపాజిటరీ సూచిక మీదున్న తేదీ మీ కంప్యూటర్‌కు భవిష్యత్తులా కనిపిస్తోంది. ఏళ్ల తరబడి వాడిన డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీదుండే సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోతే, ప్లగ్ తీసిన ప్రతిసారీ గడియారం ఎప్పటిదో పాత తేదీకి వెళ్లిపోతుంది. వేసవి సెలవుల తరువాత బడి తెరిచినప్పుడు ఈ ఫిర్యాదు ఎక్కువగా వస్తుంది. తాత్కాలికంగా ‘సుడో డేట్ -ఎస్’తో తేదీ దిద్దుకొని పని చేసుకోవచ్చు గాని, వాచీలు బాగుచేసే ఏ దుకాణంలోనైనా దొరికే ఆ మూడు వోల్టుల బ్యాటరీని మార్చడమే పరిష్కారం. సందేశంలో చూపించే తేడా ఐదున్నర గంటలకు లోపే ఉంటే బ్యాటరీని అనుమానించకండి. విండోస్‌తో కలిపి వాడుతున్న కంప్యూటర్లలో ఒకరు గడియారాన్ని భారత సమయంగా, మరొకరు గ్రీనిచ్ సమయంగా చదవడం వల్ల వచ్చే తేడా అది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ ఇస్తే ఎవరు ఎలా చదువుతున్నారో కనిపిస్తుంది.

‘నో_పబ్‌కీ’ అని పెద్ద సంఖ్య చూపిస్తోంది.

ఆ రిపాజిటరీ సంతకాన్ని సరిచూసే తాళంచెవి మీ దగ్గర లేదు, లేదా వాళ్లు మార్చారు. ఆ సాఫ్ట్‌వేర్ తయారీదారు సొంత సైటు నుంచే కొత్తది దించుకొని ‘/ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్’లో ఉంచి, రిపాజిటరీ పంక్తిలో ‘సైన్డ్-బై’తో దాని దారి చూపాలి. ‘ఆప్ట్-కీ’ కమాండుకు కాలం చెల్లింది. ‘ట్రస్టెడ్=యెస్’ అని రాసి సంతకం పరీక్షనే మాన్పించడం మాత్రం సమ్మతం కాదు.

ప్రతి ప్యాకేజీకీ ‘404 నాట్ ఫౌండ్’ వస్తోంది.

ముందు ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ చేయండి. మీ దగ్గరున్న సూచిక పాతబడి, అందులోని వెర్షన్ సర్వర్ నుంచి వెళ్లిపోయి ఉండవచ్చు. ఆ అప్‌డేట్‌లోనే 404 వస్తే మీ విడుదలకే గడువు తీరింది. ఉబుంటులో ఏప్రిల్‌లో, సరిసంఖ్య సంవత్సరాల్లో వచ్చే ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) విడుదలలకు 5 సంవత్సరాల మామూలు మద్దతు ఉంటుంది. నడుమ వచ్చే వాటికి 9 నెలలే. గడువు తీరిన వాటిని ‘ఓల్డ్-రిలీజెస్’ అనే సర్వర్‌కు, డెబియన్ పాతవాటిని ‘ఆర్కైవ్’ సర్వర్‌కు తరలిస్తారు. రిపాజిటరీ పంక్తుల్లో ఆ చిరునామాలు రాస్తే ప్యాకేజీలు దిగుతాయి, కాని భద్రతా సవరణలు ఇక రావు. తరువాతి విడుదలకు పెంచుకోవడానికి దాన్ని మెట్టుగా మాత్రమే వాడుకోవాలి. బడులలో, ఆఫీసులలో ఎల్‌టీఎస్ తప్ప మరొకటి పెట్టడం నా దృష్టిలో పని పెంచుకోవడమే.

స్టేటస్ ఫైలే పాడైతే?

అదే డైరెక్టరీలో ‘స్టేటస్-ఓల్డ్’ అని ముందటి నకలు ఉంటుంది. అదీ పాడైతే ‘/వార్/బ్యాకప్స్’లో ‘డీపీకేజీ.స్టేటస్.0’, ఆపై 1, 2 అంకెలతో కుదించిన పాత నకళ్లు ఉంటాయి. పాడైనదాన్ని పక్కన దాచి, బాగున్న వాటిలో తాజాదాన్ని దాని చోట పెట్టండి. ఆ నకలు తీసిన తరువాత ఎక్కిన ప్యాకేజీలేవో ‘/వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్’ తేదీలతో సహా చెబుతుంది. వాటిని ‘--రీఇన్‌స్టాల్’ చేస్తే నమోదుకూ డిస్కుకూ మళ్లీ పొంతన కుదురుతుంది.

కొత్త పైథాన్ పెట్టాక ‘నో మాడ్యూల్ నేమ్డ్ ఆప్ట్_పీకేజీ’ అని వస్తోంది.

‘పైథాన్3’ అనే పేరును కొత్త వెర్షన్ వైపు తిప్పినందువల్ల. ఆప్ట్ సీ++లో రాసినదే గాని, దాని చుట్టూ ఉన్న ఉపకరణాలు చాలా పైథాన్‌వి, విడుదలతో వచ్చిన వెర్షన్ కోసం తయారైనవి. ఆ లింకును యథాస్థానానికి తిప్పండి: ఉబుంటు 22.04లో 3.10, 24.04లో 3.12, డెబియన్ 12లో 3.11. మీ ప్రాజెక్టుకు కొత్త వెర్షన్ కావాలంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఆ ప్రాజెక్టుకు మాత్రమే వేరుగా ఉండే పైథాన్ ఏర్పాటు) వాడుకోండి.

ఆప్ట్‌గాని, డీపీకేజీగాని పూర్తిగా పోతే తిరిగి తెచ్చుకోగలమా?

ఆప్ట్ పోతే సులువు. అదే విడుదలకు చెందిన ఆప్ట్, లిబ్‌ఆప్ట్-పీకేజీ డెబ్ ఫైళ్లను మరో కంప్యూటర్‌లో దించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ‘డీపీకేజీ -ఐ’తో ఎక్కించండి.

డీపీకేజీయే పోతే డెబ్ ఫైలును చేత్తో విప్పాలి. అది ‘ఏఆర్’ పద్ధతిలో కట్టిన మూట, లోపల ‘డేటా.టార్’తో మొదలయ్యే ఫైలులో అసలు సరుకు ఉంటుంది. డెబియన్‌లో అది ఎక్స్‌జెడ్ కుదింపుతో, ఉబుంటు 21.10 నుంచి జెడ్‌ఎస్‌టీ కుదింపుతో వస్తుంది. మరో కంప్యూటర్‌లో మూట విప్పి ఆ ఒక్క ఫైలును తెచ్చుకొని, రూట్ మీద ‘టార్’తో పరచండి. ఇక్కడ ‘--కీప్-డైరెక్టరీ-సిమ్‌లింక్’ అనే ఆప్షన్ తప్పనిసరి. నేటి విడుదలల్లో ‘/లిబ్’ అనేది ‘/యూఎస్ఆర్/లిబ్’కు లింకు మాత్రమే, ఈ ఆప్షన్ లేకపోతే టార్ ఆ లింకును తీసేసి నిజమైన డైరెక్టరీని పెట్టవచ్చు, అప్పుడు ఏ ప్రోగ్రామూ తన లైబ్రరీలను కనుక్కోలేక కంప్యూటర్ మొత్తం నిలిచిపోతుంది. పరిచాక అదే డెబ్ ఫైలును ‘డీపీకేజీ -ఐ’తో మరోసారి ఎక్కిస్తే నమోదు కూడా సరిపోతుంది.

‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటోంది.

ఇది ప్యాకేజీ మేనేజర్ సమస్య కాదు. డిస్కులో తప్పు కనిపించి కెర్నెల్ రాతను ఆపేసింది. ‘డీమెస్గ్’ చూడండి, ముఖ్యమైన ఫైళ్లు ముందు బయటికి తీసుకోండి, తరువాత లైవ్ పెన్‌డ్రైవ్ (లినక్స్‌ను తన నుంచే నేరుగా నడిపేది) నుంచి ‘ఎఫ్ఎస్‌సీకే’ నడపండి. చదవడంలో లోపాలు మళ్లీమళ్లీ వస్తుంటే డిస్కు మార్చాల్సిందే.

కంప్యూటర్ అసలు బూట్ కావడం లేదు. అయినా డీపీకేజీని బాగుచేయవచ్చా?

చేయవచ్చు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, మీ రూట్ భాగాన్ని ‘/ఎంఎన్‌టీ’ మీద మౌంట్ చేయండి. బూట్, ఈఎఫ్ఐ భాగాలు విడిగా ఉంటే వాటినీ వాటి చోట్ల మౌంట్ చేయాలి. తరువాత డెవ్, ప్రాక్, సిస్, రన్ డైరెక్టరీలను ‘మౌంట్ --బైండ్’తో కలిపి, ‘సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ’ ఇవ్వండి. అక్కడి నుంచి పై కమాండ్లన్నీ మామూలుగానే పనిచేస్తాయి. చివర ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు’, ‘అప్‌డేట్-గ్రబ్’ ఇవ్వడం మరిచిపోకండి.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట అప్‌డేట్లు ఎలా చేసుకోవాలి?

దించుకోవడాన్ని, ఎక్కించడాన్ని విడదీయండి. ‘సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్ -డి’ అంటే డెబ్ ఫైళ్లను దించి మాత్రం ఉంచుతుంది. ఈ దశలో కరెంటు పోయినా, నెట్ పోయినా ఏమీ పాడవదు. మళ్లీ ఇస్తే ఆగిన చోటు నుంచే కొనసాగిస్తుంది. తరువాత యూపీఎస్ నిండుగా ఉన్న వేళ ‘-డి’ లేకుండా ఇస్తే, ప్రమాదం ఉన్న దశ కొద్ది నిమిషాలకు కుదించుకుపోతుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ సగానికి పైగా ఉన్నప్పుడే చేయండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస ప్రాంతాన్ని తాకిన తిత్లీ తుపాను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు: తుపాను హెచ్చరిక ఉన్న రోజున అప్‌గ్రేడ్ మొదలుపెట్టకండి, ఆటోమేటిక్ అప్‌డేట్లను కూడా ఆ రెండు రోజులు ఆపి ఉంచండి. నెట్ అసలే లేని కంప్యూటర్లకు ‘ఆప్ట్-ఆఫ్‌లైన్’ ఉపయోగపడుతుంది: కావలసినవాటి జాబితాను అది ఫైలుగా రాసి ఇస్తుంది, నెట్ ఉన్న చోట దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు.

ఎంత చేసినా లాభం లేకపోతే మొత్తం తిరిగి ఇన్‌స్టాల్ చేయడమే మేలు కదా?

‘సుడో డీపీకేజీ --వెరిఫై’ ఇచ్చినప్పుడు వందల ఫైళ్లు మారిపోయినట్టు చూపిస్తే, లేదా డిస్కే మారుస్తుంటే, అవును. దానికి ముందు ‘ఆప్ట్-మార్క్ షోమాన్యువల్’ ఇచ్చి, మీరు కోరి పెట్టుకున్న ప్యాకేజీల జాబితాను ఒక ఫైలులో దాచుకోండి. ‘/ఈటీసీ’ని, హోమ్‌ను వేరే డిస్కుకు నకలు తీసుకోండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక అదే విడుదల అయితే ఆ జాబితాను ‘ఎక్స్‌ఆర్గ్స్ సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ -వై’కి అందించవచ్చు. విడుదల మారితే జాబితాను ఒకసారి చదివి, ‘లిబ్’తో మొదలయ్యే పేర్లను, కెర్నెల్ పేర్లను తీసేసి ఇవ్వాలి, ఎందుకంటే వాటి పేర్లలోనే వెర్షన్ సంఖ్య ఉండి కొత్త విడుదలలో అవి దొరకవు.